ఎన్‌క్లెక్స్ ప్రశ్నలో చివరి లైన్ ఏం అడుగుతోందో పట్టుకోవడం: నా అనుభవం

నేను నర్సుని. పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంటర్ బైపీసీ, బీఎస్సీ నర్సింగ్, ఆ తర్వాత హైదరాబాద్‌లో మెడికల్ సర్జికల్ వార్డులో డ్యూటీలు. అమెరికాలో నర్సుగా చేయాలంటే రాయాల్సిన ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పరీక్ష కోసం చదివినప్పుడు నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది, అది రాస్తున్నా. ఎందుకంటే ఇప్పుడు చదువుతున్న చెల్లెళ్ళు చాలామంది "అక్కా నాకు సబ్జెక్ట్ రావట్లేదు" అంటున్నారు, కూర్చోబెట్టి అడిగితే హార్ట్ ఫెయిల్యూర్ గురించి, డయాబెటిస్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్తున్నారు, మరి మార్కులు ఎక్కడ పోతున్నాయి అంటే ప్రశ్న చివర్లో ఆ ఇంగ్లీషు లైన్ ఏం అడుగుతోందో అక్కడ పోతున్నాయి.

పరీక్ష సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం. ఇది కంప్యూటర్ మీద, మీరు ఇచ్చే ఆన్సర్లని బట్టి తర్వాతి ప్రశ్న కష్టమో తేలికో అదే ఎంచుకుంటుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైమ్ మొత్తం 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది, పెద్ద పెద్ద కేస్ స్టడీలు పెడుతున్నారు, ఒక్కో కేస్ మీద ఆరు ప్రశ్నలు. అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే ఒక ప్రశ్న వదిలేసి ముందుకి వెళ్ళడం కుదరదు, ఒకసారి సబ్మిట్ కొట్టాక వెనక్కి రావడం అంతకంటే కుదరదు. మనకి చిన్నప్పటినుంచి ఉన్న అలవాటు, తెలియనిది వదిలేసి చివర్లో చూద్దాం అనేది, ఇక్కడ పనిచేయదు. అంటే ఆ ప్రశ్న ఆ క్షణంలో అర్థం కావాల్సిందే.

ఇంకోటి, కింద నేను రాసే ప్రశ్నలన్నీ నేను సొంతంగా కట్టినవి. అసలు పరీక్షలో వచ్చినవి బయట చెప్పకూడదు, మొదలుపెట్టే ముందే ఒప్పుకుంటాం కదా, అది నేను పాటిస్తాను, మీరూ పాటించండి.

ముందు అందరినీ పట్టుకునే లైన్ తీసుకుందాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్న క్లయింట్‌కి (ఆ పరీక్షలో పేషెంట్‌ని ఇలాగే అంటారు) నర్సు ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పింది. చివరి లైన్: "విచ్ స్టేట్‌మెంట్ బై ద క్లయింట్ ఇండికేట్స్ ఎ నీడ్ ఫర్ ఫర్దర్ టీచింగ్?" నాలుగు ఆప్షన్లు ఇలా ఉంటాయి అనుకోండి. మెత్తటి బ్రష్‌తో పళ్ళు తోముకుంటాను. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మందు వాడుతున్నానని చెప్తాను. తలనొప్పి వస్తే ఆస్పిరిన్ వేసుకుంటాను. ఆకుకూరలు వారం వారం ఒకే మోతాదులో తింటాను.

ఇక్కడ ఏం జరుగుతుందంటే, లైన్‌లో నాట్ అనే మాట లేదు, ఎక్సెప్ట్ లేదు, రాంగ్ లేదు. కాలేజీలో మనకి ఎప్పుడూ నాట్ కింద గీత గీసి, లావు అక్షరాల్లో పెట్టి ఇచ్చేవాళ్ళు, దాన్ని చూసి కన్ను ఆగేది. ఇక్కడ ఆగడానికి ఏమీ లేదు, ఫర్దర్, టీచింగ్ రెండూ మంచి మాటల్లాగే కనిపిస్తాయి, సరే ఏది కరెక్టో చూద్దాం అని ఆప్షన్లలోకి దిగుతాం, మెత్తటి బ్రష్ అని మొదటిదే కరెక్ట్‌గా కనిపిస్తుంది, క్లిక్ అయిపోతుంది. వార్ఫరిన్ గురించి అంతా తెలిసిన మనిషి ఆ ప్రశ్న పోగొట్టుకుంటుంది. ఒకవేళ లైన్ అర్థమై, అంటే ఏ మాట తప్పు, దేన్ని మళ్ళీ నేర్పాలి అని అడుగుతున్నారని తెలిసి తప్పు వెతుకుతున్నా సరే, ఆకుకూరల దగ్గర ఇంకో గుంజాటన ఉంటుంది, ఎందుకంటే మన వార్డుల్లో చాలామంది "తోటకూర, పాలకూర మొత్తం మానేయండి" అని చెప్పేస్తారు. అసలు సంగతి మానేయడం కాదు, ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఒక వారం బాగా తిని ఇంకో వారం మానేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే పరీక్ష) పైకీ కిందకీ ఊగుతుంది, అందుకే ఎప్పుడూ ఒకేలా తినమంటారు. కాబట్టి ఆ క్లయింట్ కరెక్ట్‌గానే చెప్పింది. మళ్ళీ చెప్పాల్సింది ఆస్పిరిన్ మాట గురించి, వార్ఫరిన్‌తో అది కలిస్తే రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది.

ఈ లైన్ దగ్గర నన్ను గట్టెక్కించింది డల్లాస్‌లో పనిచేసే మా సీనియర్ అక్క. ఫోన్‌లో నా గొడవ అంతా విని ఒకటే అడిగింది. "ఒసేయ్, నువ్వు డిశ్చార్జ్ పేషెంట్ మంచం పక్కన నిలబడి ఉన్నావ్. ఆవిడ నాలుగు మాటలు చెప్పింది. ఏ మాట విని నువ్వు ఆగి 'కాదమ్మా, మళ్ళీ వినండి' అంటావ్?" అంతే. ఆ రోజు నుంచి ఆ లైన్ కనిపిస్తే నేను ఇంగ్లీషు గ్రామర్ చూడను, "ఏ మాటకి ఆగుతాను" అని నన్ను నేను అడుగుతాను. నిజంగా మనం రోజూ చేసే పనే అది, డిశ్చార్జ్ అప్పుడు పేషెంట్ అటెండర్‌కి ఇన్సులిన్ ఎలా వేయాలో చూపించి, ఏదీ మీరు చేసి చూపించండి అంటాం, ఎక్కడో ఒక చోట చెయ్యి పట్టుకుని ఆపుతాం.

ఆ తర్వాత నేను ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను, అందులో సబ్జెక్ట్ ఒక్క ముక్క లేదు. ప్రాక్టీస్ ప్రశ్నల చివరి లైన్లు మాత్రమే. ఎడమ పక్క ఇంగ్లీషు లైన్, కుడి పక్క డ్యూటీలో ఆ మాటని నేను తెలుగులో ఎలా అనుకుంటానో అది. కొన్నాళ్ళకి తెలిసింది ఏంటంటే ఎన్ని వేల ప్రశ్నలున్నా చివరి లైన్లు మాత్రం ఒక పది పన్నెండు రకాలే, మాటలు అటూ ఇటూ మార్చి అవే తిరుగుతుంటాయి. ఇది తెలిశాక సగం భయం పోయింది నాకు.

వాటిలో బాగా కలిసిపోయేవి రెండు: ఏది ఉంటుందని అనుకుంటావ్ అనేది, ఏది చూసి డాక్టర్‌కి చెప్తావ్ అనేది. ఎక్స్‌పెక్ట్ అని ఉంటే ఆ జబ్బుకో ఆ మందుకో మామూలుగా ఉండేది పెట్టాలి, రిపోర్ట్ అనో, రిక్వైర్స్ ఫాలో అప్ అనో, ఇమీడియట్ ఇంటర్‌వెన్షన్ అనో ఉంటే మామూలుగా ఉండకూడనిది పెట్టాలి. నల్లగా మోషన్ అవుతోంది అనే ఒక్క లక్షణం తీసుకోండి. ఐరన్ మాత్రలు వేసుకునే మనిషికి అయితే అది ఎక్స్‌పెక్ట్ చేసేదే, కంగారు లేదు, ముందే చెప్పి ఉంచుతాం. అదే వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి అయితే లోపల రక్తం పోతోందేమో, వెంటనే చెప్పాలి. అలాగే ప్రొస్టేట్ ఆపరేషన్ అయ్యి బ్లాడర్ ఇరిగేషన్ (ట్యూబ్ ద్వారా మూత్రాశయం కడగడం) నడుస్తున్నప్పుడు యూరిన్ లేత గులాబీ రంగులో ఉంటే సరే, చిక్కగా ఎర్రగా గడ్డలతో వస్తే సరి కాదు. రెండూ ఆప్షన్లలో ఉంటాయి, రెండూ నిజమే, లైన్ ఏది అడిగిందో దాన్ని బట్టి ఆన్సర్ మారిపోతుంది. దీన్ని సబ్జెక్ట్ లోపం అనుకుని మళ్ళీ మొత్తం యూరాలజీ చాప్టర్ చదివేవాళ్ళు ఉన్నారు, నాకు బాధేస్తుంది, ఆ టైమ్ అంతా వృథా.

ఎఫెక్టివ్ అనే మాట కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. "మందు పనిచేసిందని ఏది చూస్తే తెలుస్తుంది" అని అర్థం, "మందు వేస్తే ఏం అవుతుంది" అని కాదు. లివర్ పాడై మత్తుగా మాట్లాడుతున్న క్లయింట్‌కి లాక్టులోజ్ ఇచ్చాం. రెండు మూడు సార్లు మెత్తగా మోషన్ అయింది అని ఒక ఆప్షన్, తేదీ, తను ఉన్న చోటు సరిగ్గా చెప్తున్నాడు అని ఇంకో ఆప్షన్. మోషన్ అవుతుంది, నిజమే, కానీ మనం ఆ మందు ఇచ్చింది అమోనియా తగ్గి మనిషి తేరుకోవాలని, అందుకని మనిషి తెలివిలోకి వచ్చాడన్నదే పెట్టాలి.

ఇక మాటల సంగతికి వస్తే, నన్ను బాగా తికమక పెట్టింది హోల్డ్. గుండె మందు డిజాక్సిన్ ఇవ్వబోయే ముందు ఏపికల్ పల్స్ (గుండె దగ్గర విని లెక్కపెట్టే పల్స్) 52 ఉంది, నర్సు ఏం చేయాలి, హోల్డ్ ద మెడికేషన్ అండ్ నోటిఫై ద హెల్త్ కేర్ ప్రొవైడర్. మా వార్డులో కేస్ షీట్ మీద ఒమిట్ అని రాసేవాళ్ళు, అదే తెలుసు. ఇక్కడ హోల్డ్ అంటే ఈ డోస్ ఇవ్వకుండా ఆపి అడగడం, మందు పూర్తిగా మానిపించడం కాదు. పెద్దవాళ్ళకి పల్స్ 60 కంటే తక్కువ ఉంటే డిజాక్సిన్ ఆపాలని మనందరికీ తెలుసు, కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతే తెలిసి కూడా లాభం లేదు. వాయిడ్ అంటే యూరిన్‌కి వెళ్ళడం, ఆంబులేట్ అంటే లేచి నడవడం, పేషెంట్ అనరు క్లయింట్ అంటారు, డాక్టర్ అనరు హెల్త్ కేర్ ప్రొవైడర్ అంటారు. మందుల పేర్లు కూడా, మన పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, సాల్‌బుటమాల్ అక్కడ అల్బ్యుటెరాల్, పెథిడిన్ అక్కడ మెపెరిడిన్. ఇవి ఒక పేజీ రాసి గోడకి అంటించుకుంటే రెండు వారాల్లో వచ్చేస్తాయి, దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

విచ్ ప్రిస్క్రిప్షన్ షుడ్ ద నర్స్ క్వశ్చన్ అని ఒక లైన్ వస్తుంది, దీని దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మనం పనిచేసే చోట డాక్టర్ రాసింది చేయడమే ఎక్కువ, తిరిగి అడగడం తక్కువ, పెద్ద డాక్టర్ అయితే అసలు నోరు లేవదు. అందుకని ఆ లైన్ చూడగానే నర్సు డాక్టర్‌ని ప్రశ్నించడమేంటి అని మనసు పక్కకి పోతుంది, దాన్ని "ఏ ప్రిస్క్రిప్షన్ గురించి ప్రశ్న వస్తుంది" అని ఏదోలా సర్దుకుంటాం. కాదండి, "ఏ ఆర్డర్ చూసి నువ్వు ఇవ్వకుండా ఆగి డాక్టర్‌కి ఫోన్ చేస్తావ్" అని అడుగుతున్నారు. పొటాషియం 2.9కి పడిపోయిన క్లయింట్‌కి పొటాషియం క్లోరైడ్ డ్రిప్‌లో నెమ్మదిగా ఎక్కించమంటే సరే, ఐవీ పుష్ (సిరలోకి ఒక్కసారిగా ఎక్కించడం) అని రాసి ఉంటే చచ్చినా ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. అమెరికాలో అడగడం నర్సు బాధ్యత, అడగకపోతేనే తప్పు. ఈ ఒక్క లైన్ నాకు భాషతో పాటు అక్కడి డ్యూటీ ఎలా ఉంటుందో కూడా నేర్పింది, ఇక్కడ కూడా అలా అడిగే ధైర్యం వచ్చింది, అది నిజంగా మంచి మార్పు.

ఇంక ఫస్ట్, ఇనిషియల్, ప్రయారిటీ, మోస్ట్ అప్రోప్రియేట్, బెస్ట్. వీటిలో తప్పు ఆప్షన్ ఉంటుందని వెతికితే దొరకదు, నాలుగూ మనం చేసే పనులే అయి ఉంటాయి చాలాసార్లు. ఏది ముందు అన్నదే ప్రశ్న. కోచింగ్‌లో ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్ అని చెప్తారు, ముందు అసెస్ చేయాలి (మనిషి పరిస్థితి చూడాలి) తర్వాత పని చేయాలి అని చెప్తారు, రెండూ నిజమే కానీ అసెస్ చేయాలా పని చేయాలా అనేది ప్రశ్నలోనే ఉంటుంది. ఆపరేషన్ అయిన క్లయింట్ నొప్పి అంటున్నాడు, ఇంకేం చెప్పలేదు అంటే ముందు ఎక్కడ, ఎంత, ఎలా ఉందో చూడాలి. అదే ప్రశ్నలోనే ఆక్సిజన్ శాచురేషన్ 84, పెదాలు నీలంగా ఉన్నాయి అని రాసేశారనుకోండి, అసెస్‌మెంట్ అయిపోయినట్టే, మళ్ళీ ఊపిరితిత్తులు వింటాను అనే ఆప్షన్ పెడితే ఎలా, ఆక్సిజన్ పెట్టాలి. నలుగురు క్లయింట్లలో ముందు ఎవరిని చూస్తావ్ అనే ప్రశ్నల్లో కూడా నంబర్ చూసి పరిగెత్తకూడదు. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) మనిషికి శాచురేషన్ 90 ఉంది, నిన్న మోకాలి ఆపరేషన్ అయిన ఆవిడకి నొప్పి పదికి ఏడు, షుగర్ ఉన్నాయనకి 190, థైరాయిడ్ ఆపరేషన్ అయిన అమ్మాయి ఊపిరి తీస్తుంటే కీచుమని శబ్దం వస్తోంది. మొదటి ముగ్గురూ ఆ జబ్బుకి ఉండేదే ఉంది. నాలుగో అమ్మాయికి గొంతు దగ్గర వాపో రక్తమో దారి మూసేస్తోంది, నిమిషాల్లో చేయి దాటిపోతుంది. ప్రశ్నలో కనబడీ కనబడనట్టు ఒక చిన్న మాట, ఆ కీచు శబ్దానికి స్ట్రైడర్ అని, అది చదివి ముందుకెళ్ళిపోతే అంతే.

టైమ్ మాటలు కూడా, టూ అవర్స్ ఆఫ్టర్ సర్జరీ, ఫస్ట్ పోస్ట్ ఆపరేటివ్ డే, న్యూలీ అడ్మిటెడ్, ఇవి ఊరికే రాయరు. నేను ప్రతి ప్రశ్నలో మనిషి ఎవరు, ఎప్పుడు, చివర్లో ఏం అడిగారు అనే మూడే చూసేదాన్ని, చివరి లైన్ ముందు చదివి, అప్పుడు పైకి వెళ్ళి కథ చదివి, మళ్ళీ చివరి లైన్ చదివి, అప్పుడు ఆప్షన్లు. మొదట్లో ఇలా చేస్తుంటే నెమ్మదిగా అనిపిస్తుంది, తర్వాత అదే స్పీడ్ వస్తుంది.

సెలెక్ట్ ఆల్ దట్ అప్లై (సరైనవన్నీ ఎంచుకోమనే) ప్రశ్నలకి అందరూ భయపడతారు, నాకైతే అవి లైన్ అర్థమైతే తేలిక అనిపించాయి. ఐదో ఆరో ఆప్షన్లు ఉంటాయి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చకూడదు, ఒక్కోదాన్ని విడిగా తీసి చివరి లైన్‌తో కలిపి అవునా కాదా అని అడగాలి, అంతే. ఇప్పుడు వీటికి కొంత మార్కు కూడా ఇస్తున్నారు, కరెక్ట్‌వి పెట్టినవాటికి కలుపుతారు, తప్పు పెడితే అందులోంచి తీసేస్తారు, సున్నా కంటే కిందకి మాత్రం పోదు. కాబట్టి అన్నీ టిక్ పెట్టేద్దాం అనేది కుదరదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ టైమ్ పట్టింది కమ్యూనికేషన్ ప్రశ్నలకి, ఇది మనవాళ్ళందరికీ ఉండే సమస్య అని నా గట్టి నమ్మకం. రేపు బ్రెస్ట్ ఆపరేషన్ ఉన్న క్లయింట్ ఏడుస్తూ నాకు భయంగా ఉంది అంటుంది. విచ్ రెస్పాన్స్ బై ద నర్స్ ఈజ్ మోస్ట్ థెరప్యూటిక్, అంటే నర్సు ఏ జవాబు ఆ మనిషికి ఎక్కువ మేలు చేస్తుంది? మన నోట్లోంచి ఏం వస్తుంది, "ఏం కాదమ్మా, భయపడకండి, మా డాక్టర్ గారు చాలా మంచివారు, దేవుడున్నాడు". చెయ్యి పట్టుకుని ఇలా చెప్తే ఇక్కడ మనిషికి నిజంగా ధైర్యం వస్తుంది, నేను ఎన్నోసార్లు చూశాను, అది అబద్ధం కాదు, ప్రేమే. కానీ ఆ పరీక్షలో డోంట్ వర్రీ, ఎవ్రీథింగ్ విల్ బీ ఫైన్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ రీఅష్యూరెన్స్ (ఉత్తుత్తి భరోసా) కింద లెక్క వేసి కొట్టేస్తారు, ఎందుకంటే అలా అనగానే ఆ మనిషి ఇంక తన భయం చెప్పడం ఆపేస్తుంది. వై ఆర్ యూ స్కేర్డ్ అన్నా కుదరదు, నిలదీసినట్టు ఉంటుందట. కావాల్సింది ఏంటంటే మనిషి చెప్పింది విన్నామని తెలిపి ఇంకా మాట్లాడనిచ్చేది, "మీకు భయంగా ఉందంటున్నారు, ఏం అనిపిస్తోందో చెప్తారా" లాంటిది. ఇవి ఇంగ్లీషులో చదివితే నాకు చల్లగా, దూరంగా అనిపించేవి. తెలుగులో మార్చుకుని, ఆ మాట పెద్దమ్మ వయసు ఆవిడతో మెల్లగా అన్నట్టు పైకి చదివి చూస్తే అప్పుడు అందులో ఉన్న ఓపిక తెలిసింది. తర్వాత నైట్ డ్యూటీలో నిద్రపట్టని ఒకాయనతో నిజంగానే అలా అడిగాను, "ఏం ఆలోచిస్తున్నారు నాన్నగారూ" అని, అంతే, కూతురి పెళ్ళి, ఆపరేషన్ ఖర్చు, పొలం మీద అప్పు అన్నీ చెప్పుకుని పడుకున్నాడు.

కోచింగ్ గురించి ఒక మాట. నేను వెళ్ళిన చోట పేరు చెప్పను కానీ నెలల తరబడి మళ్ళీ అనాటమీ, మళ్ళీ ఫార్మకాలజీ, నాలుగేళ్ళు చదివిందే స్లైడ్ల మీద చదివించారు. ప్రశ్న ఎలా చదవాలి అని ఒక్క క్లాసు లేదు, అడిగితే ఇంగ్లీషు ఇంప్రూవ్ చేసుకోండి అన్నారు. ఇంగ్లీషు ఇంప్రూవ్ చేసుకోవడం అంటే పేపర్ చదవడం, సినిమాలు చూడడం కాదు కదా, ఈ పది పన్నెండు లైన్లు కూర్చోబెట్టి నేర్పితే చాలు, అది ఎవరైనా వారం రోజుల్లో నేర్పొచ్చు. తెలుగు మీడియంలో చదివిన పిల్లకి వార్డు పనిలో ఎవరికీ తీసిపోని చెయ్యి ఉంటుంది, ఆ పిల్ల నాకు తెలివి లేదు అనుకుంటూ ఇంటికి వెళ్ళడం నాకు అస్సలు నచ్చదు.

పరీక్ష హైదరాబాద్ సెంటర్‌లోనే రాశాను. ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తున్నాం కాబట్టి ఇంకో 150 అదనం, ట్యాక్స్ వేరే. పాస్‌పోర్ట్ చూస్తారు, అరచెయ్యి స్కాన్ చేస్తారు, వాచీ, ఫోన్ అన్నీ లాకర్‌లో. లోపల చెరిపి రాసుకునే బోర్డు ఒకటి ఇస్తారు. నేను దాని మీద లెక్కలు తక్కువే వేశాను, నీడ్ ఫర్ ఫర్దర్ టీచింగ్ లాంటి లైన్ వస్తే చాలు 1, 2, 3, 4 అని రాసి ఒక్కో దాని పక్కన పేషెంట్ చెప్పింది సరైతే టిక్కు, కాకపోతే ఇంటూ పెట్టేదాన్ని, మూడు టిక్కులు ఒక ఇంటూ వచ్చిందంటే ఇంటూదే ఆన్సర్, ఇంక ఆలోచించక్కర్లేదు. అలసిపోయాక కన్ను మోసం చేస్తుంది, ఈ గీతలు మోసం చేయవు. రెండు గంటల తర్వాత బ్రేక్ తీసుకోమని స్క్రీన్ మీద వస్తుంది, తీసుకోండి, టైమ్ అందులోంచే పోతుంది కానీ మొహం కడుక్కుని వస్తే లైన్లు మళ్ళీ కనిపిస్తాయి. పాస్ అయ్యాను.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ లేనివాళ్ళం వీడియో కాల్‌లో కూర్చుంటాం. పద్ధతి ఒకటే, ప్రశ్న స్క్రీన్ మీద పెడతాను, ఆప్షన్లు తెల్ల పేజీతో కప్పేస్తాను, ఒకరు చివరి లైన్ పైకి చదివి తెలుగులో "నన్ను ఇది చేయమంటున్నారు" అని చెప్పాలి, మిగతావాళ్ళు సరే అన్నాకే పేజీ తీస్తాను. పోయిన వారం ఒక చెల్లి షుడ్ ద నర్స్ యాంటిసిపేట్ దగ్గర ఆగింది, ఎక్స్‌పెక్టే కదా అక్కా అంది, చాలావరకు అవును, కానీ యాంటిసిపేట్ పక్కన ప్రిస్క్రిప్షన్ అని ఉంటే "డాక్టర్ ఏం రాయబోతున్నాడో ముందే ఊహించి ఏం సిద్ధం చేసుకుంటావ్" అని అర్థం అని చెప్పాను. ఆ అమ్మాయి ఐసీయూలో పనిచేస్తుంది. "ఓ, క్రాష్ కార్ట్ దగ్గర పెట్టుకోవడం లాగా" అని, అంటే ఎమర్జెన్సీ మందుల బండి, వెంటనే పట్టేసింది, తర్వాత అలాంటివి వరసగా పెడితే ఒక్కటీ వదల్లేదు.